పసుపు కాగితం మీద ఆరు అమెరికా కార్లు

ఆ రోజుల్లో నాకు తెలియని పనుల గురించే ఎక్కువ సలహాలు ఇచ్చేవాణ్ణి. ఇరవై రెండేళ్ల వయసు అలాంటిది. ఇంట్లో చీపురు ఎక్కడుంటుందో చెప్పలేను గాని, భూమికి అవతలి పక్కనున్న ఒక కార్ల కంపెనీని ఎలా బాగుచెయ్యాలో మాత్రం క్షుణ్ణంగా చెప్పగలను. అది అమెరికా కంపెనీ, బాగా ఉన్నవాళ్ళకి కార్లు చేసిపెడుతుంది. పేరు చెప్పను. ఈ కథలో తప్పంతా నాది, నేనొకణ్ణి ఉన్నానని కూడా వాళ్ళకి తెలియదు. సుంగై పెటానిలో పెరిగిన నాకు వాళ్ళ కారు కంటబడటమే అరుదు (వాళ్ళ స్టీరింగ్ ఎడమ పక్క, మా మలేసియాలో కుడి పక్క), అయినా పాత పత్రికల్లోనూ ఇంటర్నెట్ షాపులోనూ ఆ బొమ్మలు చూసిచూసి నాకు వాళ్ళ మీద జాలి పుట్టింది. ఒకప్పుడు మహారాజుల్లా ఉన్న కార్లు ఇప్పుడు పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు జర్మనీ కార్లని చూసి వాతలు పెట్టుకుంటున్నాయని నా అభిప్రాయం. నన్నెవరూ అడగలేదు. అయినా ఒక లావుపాటి నోటుబుక్కు కొని, వాళ్ళ మోడళ్ళన్నీ ఒక్క కలంపోటుతో ఆపేసి, వాటి స్థానంలో ఆరు కొత్తవి ప్రవేశపెట్టాను.

ఆరింటికీ పేర్లు కూడా పెట్టాను. అక్షరాలూ అంకెలూ కలిపి పెడితే మందుబిళ్ళల పేర్లలా ఉంటాయి, కారుకి ప్రాణమున్న పేరుండాలి. ఊళ్ళో తిరగడానికి చిన్నది పిచ్చుక. రెండే తలుపులతో, పైకప్పు తెరుచుకునేది తూనీగ. నేలకి అంటుకుని పరిగెత్తేది ఉడుము. కొండలెక్కే, గున్న ఏనుగులాంటి పెద్ద జీపు గున్న. ఎంతమంది వచ్చినా కాదనకుండా ఎక్కించుకునే పొడుగు బండి పెద్దమ్మ. వీటన్నిటికీ తలమానికం కొంగ: పొడవాటి ముక్కు, సన్నటి నడుము, నీళ్ళలో నిలబడి ఆలోచిస్తున్నట్టు ఒక ఠీవి. మా నాన్నకి చూపిస్తే కొంగని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, "బాగుందిరా, పడవా?" అన్నారు. ఈ లోపల నేను రెండు ఫ్యాక్టరీల్లో చేరి, రెండూ మానేశాను. (మానేశాను అని ఇంట్లో చెప్పాను. అసలు మాటేమిటంటే, వాళ్ళే నన్ను మాన్పించారు.)

అప్పుడు మా అక్క రంగంలోకి దిగింది. అక్కని క్లాంగ్‌లో ఇచ్చారు. బావ పోర్ట్ క్లాంగ్‌లో, ఓడల మీద వచ్చే కార్లని నిలబెట్టే యార్డులో తనిఖీ పని చేసేవాడు. పదిహేనేళ్ల సర్వీసులో ఒక్క మచ్చ లేదు. ఆ ఏడాది సూపర్‌వైజర్ ఖాళీ వస్తుందనీ, ఈసారి ఆయనకే అనీ యార్డంతా అనుకుంటోంది. అలాంటి మనిషి పై వాళ్ళ దగ్గరికి వెళ్ళి, "మా బామ్మర్ది, మంచి కుర్రోడు" అని చెప్పి నన్ను సహాయకుడిగా పెట్టించి, తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. మొదటిరోజు రైల్లో ఒక్కటే మాట చెప్పాడు. "ఒరే, ఇక్కడ నీకు పేరు లేదు, నా పేరే ఉంది. అది సెడిపితే నాకు ఇంకోటి లేదు లా." (మాట చివర ఆ 'లా' మా మలేసియా అలవాటు.) నేను సరే బావా అన్నాను. ఆ మాట నాకు నిజంగా వినబడింది కూడా. వినడం, లోపలికి పోవడం వేరు వేరు పనులని అప్పటికి తెలియదు.

పని చాలా తేలిక. ఓడ దిగిన ప్రతి కారుకీ ఒక తనిఖీ కాగితం ఉంటుంది. దాని మీద కారు బొమ్మ నాలుగు పక్కల నుంచి సన్నటి గీతలతో అచ్చువేసి ఉంటుంది. కారు చుట్టూ తిరిగి, ఎక్కడ గీత పడితే బొమ్మ మీద అక్కడ గీత, ఎక్కడ సొట్ట పడితే అక్కడ సున్నా పెట్టాలి. ఏమీ లేకపోతే ఖాళీగా వదిలేసి బావకిస్తే ఆయన సంతకం చేస్తాడు. ఒక్కో కాగితం నిజానికి మూడు కాగితాల కట్ట. పైన తెల్లది మా ఆఫీసుకి, మధ్యలో పసుపుది ఆ కారు ఇక్కణ్ణుంచి ఎక్కబోయే ఓడ తాలూకు ఏజెంటుకి, అడుగున గులాబీది బీమావాళ్ళకి. పైన రాసింది కింద రెండింటి మీదా దానంతటదే పడుతుంది. ఈ సంగతి నాకు చెప్పారు. ఒకటికి రెండుసార్లు చెప్పారు.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం, వేరే దేశం వెళ్తూ దారిలో మా రేవులో ఓడ మారడానికి ఆరు కార్లు దిగాయి. ఆ అమెరికా కంపెనీవే! ఆరూ ఆరు రకాలు! భక్తుడికి దేవుడు ప్రత్యక్షమైతే కాళ్ళ మీద పడతాడు గాని నేను మాత్రం దేవుడి ముక్కు వంకర సరిచెయ్యాలనుకున్నాను. గంటలో తనిఖీ ముగిసింది. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. ఇంతలో కుండపోతగా వాన. బావ యార్డు అవతలి గేటు దగ్గర చిక్కుకుపోయాడు. నేను రేకుల షెడ్డులో, ఎదురుగా ఆరు కార్లు, చేతిలో పెన్సిలు, ఒళ్ళో ఆరు కాగితాల కట్టలు, వాటి మీద అచ్చులో ఎవరో నా కోసమే గీసిపెట్టినట్టు ఖాళీ కారు బొమ్మలు. నోటుబుక్కు ఇంట్లో ఉండిపోయింది. తేలికగా గీసి, వాన ఆగాక రబ్బరుతో చెరిపేద్దామనుకున్నాను.

తేలికగానే మొదలుపెట్టాను. కాని కొంగ ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఆవేశం వచ్చింది, పెన్సిలు నొక్కిపట్టాను. పక్కన ఇంగ్లీషులో వ్యాఖ్యలు కూడా రాశాను. "ముందు భాగం మొత్తం తీసెయ్యాలి." "పైకప్పు రెండు అంగుళాలు కొయ్యాలి." "వెనక దీపాలు పనికిరావు." ఒకదాని పక్కన, "దీన్ని చూస్తే ఏడుపొస్తుంది." ఆరింటి మీదా పేర్లు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశాను. వాన ఆగింది. తెల్లకాగితాలన్నీ చక్కగా, ఒక్క మరక లేకుండా చెరిపేసి బావకిచ్చాను. సంతకం పెట్టేవాడు మూడు కాగితాలూ ఎత్తి చూడాలని నియమం. బావ అందరివీ ఎత్తి చూసేవాడు. నావి చూడలేదు. సొంత ఇంట్లోవాడి చేతి పనిని ఎత్తి చూడటం ఆయనకి మర్యాదగా తోచలేదు. పైకాగితం చూసి, "సబాష్ రా, ఆరూ సుబ్బరంగా ఉన్నాయి" అని ఆరు సంతకాలు చేశాడు.

రెండోరోజు పొద్దున్న ఏజెంటు నుంచి ఫోను. ఆరు కార్లూ ఇంత ఘోరంగా దెబ్బతింటే మా ఓడ ఎలా ఎక్కించుకుంటుంది అని. ఒకదానికి ముఖమే లేదట, ఒకదానికి పైకప్పు కోసెయ్యాలట. "కొంగ అంటే ఏ రకం దెబ్బ? మా జాబితాలో లేదు" అని కూడా అడిగాడు. యార్డువాళ్ళు పరిగెత్తుకెళ్ళి కార్లు చూసి, అవి బాగానే ఉన్నాయని మొత్తుకున్నారు. ఏజెంటు చేతిలో సంతకం ఉన్న కాగితం ఉంది. కొత్త కాగితం తయారై వెళ్ళేసరికి ఓడ వెళ్ళిపోయింది. ఆరు కార్లూ మా యార్డులో అలాగే నిలబడిపోయాయి, నన్నే చూస్తూ.

మా మేనేజరమ్మ మమ్మల్నిద్దరినీ గదిలోకి పిలిచింది. ఆవిడ చైనా ఆవిడ, సన్నగా, ఎప్పుడూ గొంతు పెంచేది కాదు, అందుకే అందరికీ భయం. బల్ల మీద ఆరు పసుపు కాగితాలు పరిచి ఉన్నాయి. (నా సిగ్గు దాచుకోను: వాటిని అలా వరసగా చూడగానే నాకు ముందు కలిగింది భయం కాదు. ఆరూ కలిసి ఎంత బాగున్నాయో అనిపించింది.) ఆవిడ మలాయి భాషలో అడిగింది, "ఇది ఎవరి పని?"

నేను నేల మీద పలకలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నోరు తెరవడానికి నాకు బోలెడు సమయం ఇచ్చారు. పదకొండు పలకలదాకా వెళ్ళాను. పక్కన బావ గొంతు వినబడింది.

"సంతకం నాది, మేడమ్."

"సంతకం నీదని నాకు తెలుసు. గీసింది ఎవరు?"

"నానే" అని తెలుగులో అనేసి, వెంటనే సర్దుకుని మలాయిలో మళ్ళీ చెప్పాడు. వాన పడుతుంటే ఊసుపోక గీశానని.

ఆవిడ కొంచెంసేపు బావనీ, కొంచెంసేపు నన్నూ చూసింది. ఒక తెల్లకాగితం, పెన్ను బావ ముందుకి జరిపింది. "అయితే ఒకటి గీయి."

బావ పెన్ను పట్టుకున్న తీరులోనే అంతా తెలిసిపోయింది. నుదుటి మీద చెమట. ముందు ఒక పెట్టె గీశాడు. దాని మీద ఇంకో పెట్టె పెట్టాడు. అది ఇడ్లీపాత్రలా ఉందని ఆయనకే అనిపించినట్టుంది, ముందు ఒక గీత లాగాడు, ఇడ్లీపాత్రకి కాడ వచ్చింది. నేను ఇంకా పలకలు లెక్కపెడుతూనే ఉన్నాను. అంత పెద్ద మనిషి, పదిహేనేళ్లలో మచ్చ లేని మనిషి, నా కోసం చెమటలు కక్కుతూ అబద్ధానికి బొమ్మ గీస్తుంటే కూడా నా నోరు పెగల్లేదు. అప్పుడు ఆయన చక్రం గీశాడు. తలుపు కింద, సరిగ్గా నడిమధ్యలో.

"బావా! సెక్రం తలుపు కింద ఉండదు!" అని అరిచాను.

ఆ తరవాత నా చేతులు నా మాట వినలేదు. బావ చేతిలో పెన్ను లాక్కున్నాను. చక్రం ఇక్కడ ఉండాలి, దానికీ తలుపుకీ మధ్య ఇంత జాగా ఉంటేనే ముక్కు పొడుగ్గా కనబడుతుంది, అదే కొంగ రహస్యం అని చెబుతూ అర నిమిషంలో మొత్తం కారు గీసి, వెనక దీపాలు కూడా పెట్టి, ఇక పిచ్చుక సంగతికి వస్తే అని రెండో బొమ్మ మొదలుపెట్టాను. ఆవిడ చేతులు కట్టుకుని చివరిదాకా విన్నది. నేను ఆగాక నెమ్మదిగా అంది.

"బాగా గీస్తావు. రేపట్నుంచి రావద్దు."

అప్పుడు గాని నేను ఏం చేశానో నాకు అర్థం కాలేదు.

బావని తీసెయ్యలేదు. కాని ఎత్తి చూడకుండా సంతకం చేశాడన్నది నిజమే కదా, సూపర్‌వైజర్ పని ఇంకొకరికి వెళ్ళింది. ఆ సాయంత్రం రైల్లో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. క్లాంగ్ దగ్గరపడుతుండగా బావ కిటికీలోంచి చూస్తూనే అన్నాడు, "ఆ కొంగ... నిజంగా అలగే సేస్తే బాగుంటాది లా." నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆ రాత్రి అన్నం తినగలిగేవాణ్ణి. ఇంటికెళ్ళాక బావ అక్కతో, "నీ తమ్ముడు నిజం ఒప్పుకున్నాడే, నన్ను కాసినాడు" అని చెప్పాడు. అక్క కళ్ళు తుడుచుకుని నాకు ఇంకో చేప ముక్క వేసింది. నేను తిన్నాను.

ఆ చేప ముక్కని ఇరవై ఏళ్లుగా తింటూనే ఉన్నాను. మా ఇళ్ళల్లో ఈ కథ ఇలాగే నడుస్తోంది: మావయ్య చిన్నప్పుడు ఉద్యోగం పోతుందని తెలిసి కూడా నిజం చెప్పాడు, మీరూ అలా ఉండాలి. పిల్లలు నా వైపు చూస్తారు. నేను గంభీరంగా తల ఊపుతాను. ఇప్పుడు నాకు క్లాంగ్‌లోనే లారీల మీద పేర్లూ బొమ్మలూ వేసే దుకాణం ఉంది. పని బాగా సాగుతోంది. ఆ అమెరికా కంపెనీ మధ్యలో తన కార్లన్నీ మార్చుకుంది, నన్ను అడగలేదు (చూశాను, వెనక దీపాలు ఇప్పటికీ నాకు నచ్చవు).

పోయిన నెల బావ రిటైరయ్యాడు, సూపర్‌వైజర్ కాకుండానే. ఇంట్లో భోజనాలు పెట్టారు. అక్క మళ్ళీ ఆ కథ ఎత్తుకుంది. ఈసారి తల ఊపలేకపోయాను. చేతులు కడుక్కునే వంకతో బావని వెనక్కి తీసుకెళ్ళి, ఇన్నేళ్లూ మింగిన మాట కక్కేశాను. "బావా, ఆ రోజు నిన్ను కాయడానికి నోరు తెరవలేదు. నువ్వు మాటలు పడతావని తెలిసీ ఊరుకున్నాను. ఆ చక్రం చూసి తట్టుకోలేక అరిచాను, అంతే."

బావ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "తెలుసురా. నువ్వు 'నాను గీసినాను' అన్నావేటి? 'సెక్రం' అన్నావు. నాను పక్కనే ఉన్నాను కదా."

"మరి అక్కకి ఎందుకలా చెప్పినావు? పిల్లలకి ఎందుకలా చెప్తన్నావు?"

"ఆ పొద్దు నీ మొకం సూసినాను. అబద్ధమైనా సరే, ఎవులో ఒకలు నిన్ను మంచోడని అనకపోతే సెడిపోతావు అనిపించింది లా." తువ్వాలు నా భుజం మీద పడేసి లోపలికి వెళ్ళిపోయాడు.

లోపల అక్క కథ ముగింపుకి వస్తోంది, మావయ్య ఎంత ధైర్యంగా లేచి నిలబడ్డాడో చెబుతోంది. తడి చేతులు ఆ తువ్వాలుకే తుడుచుకుని, నవ్వుకుంటూ, ఆ మంచివాణ్ణి చూద్దామని నేనూ లోపలికి వెళ్ళాను.