మాకన్నా పెద్దవాళ్ళు లేని బడి

నాలుగేళ్ళ వయసులో నేను మా బడికి సీనియర్‌ని. ఇందులో నా గొప్పేమీ లేదు. ఆ ఏడే బడి మొదలైంది. ఎల్‌కేజీ ఒక్కటే పెట్టారు, అందులో మేం పదకొండు మందిమి. మరుసటి ఏడు మేం యూకేజీకి పోతే మా వెనక కొత్త ఎల్‌కేజీ వచ్చింది. అట్లా ఏడాదికొక తరగతి చొప్పున బడి మాతోపాటే పెరిగింది. చిన్నపిల్లలు ఏడిస్తే "మీరు పెద్దోళ్ళు, ఊరుకోబెట్టండి" అని మా దగ్గరికి తోసేవాళ్ళు. మేం ఏడిస్తే ఊరుకోబెట్టడానికి ఆ బడిలో మాకన్నా పెద్దపిల్లలు ఉండేవాళ్ళు కాదు.

బడి పెట్టిన సారుది గుమ్మఘట్ట వైపు. అంతకుముందు ఏదో మిషన్ బడిలో పాఠాలు చెప్పేవారు. అక్కడి పెద్దలతో పడక, భార్యనూ ఏడాది నిండని కొడుకునూ వెంటబెట్టుకుని మా ఊరొచ్చి, కొన్నేళ్ళు ట్యూషన్లు చెప్పి, చివరికి ఎవరి కిందా లేని సొంత క్రైస్తవ పాఠశాల తెరిచారు. మాది ఉరవకొండ నుంచి విడపనకల్లు పోయే దారిలో చిన్న ఊరు. వేరుశనగ పండిన ఏడు అంగళ్ళలో సందడి, పండని ఏడు బెంగళూరు బస్సులో సందడి. క్రైస్తవ కుటుంబాలు ఊళ్ళో వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. వాళ్ళ పిల్లలు సర్కారు బడికే పోయేవాళ్ళు. దాంతో ఆ క్రైస్తవ పాఠశాల మొదటి ఎల్‌కేజీలో సారు కొడుకు తప్ప మిగతావాళ్ళమంతా హిందువుల పిల్లలమూ ముస్లిముల పిల్లలమూ. సారు మాత్రం బోర్డు మీద 'ఎల్‌కేజీ నుంచి గ్రాడ్యుయేషన్ వరకు' అని రాయించారు. బోర్డు వెనక ఉన్నది ఒక రేకుల షెడ్డు.

సారుకు అమెరికా నుంచి డబ్బులు వస్తాయని ఊరికి గట్టి నమ్మకం. "వాళ్ళకేమప్పా, డాలర్లు" అనేవాళ్ళు. నాకు తెలిసి అటునుంచి వచ్చింది ఒకే ఒక పార్సెల్. అందులో ఎవరో వాడేసిన క్రిస్మస్ కార్డులున్నాయి, వాటి మీద మంచులో నడిచే గుర్రబ్బండ్లు. సారు భార్య, మేమంతా మేడమ్ అని పిలిచే ఆవిడ, ఆ బొమ్మలు కత్తిరించి గోడలకు అంటించింది. మార్చి నెల ఎండకు పైన రేకులు చిటపటలాడుతుంటే మేం ఆ మంచును చూస్తూ ఎక్కాలు చదివేవాళ్ళం.

మా నాయనది బట్టల అంగడి. అంగట్లో కూర్చుంటే బడి గేటు కనిపించేది. నన్నక్కడ చేర్చడానికి అదే కారణం. ఉరవకొండ బడికి బస్సులో పంపితే నాకు వాంతులయ్యేవి. మా అవ్వ మాత్రం ఒప్పుకోలేదు.

"ఆడికి పంపితే రేప్పొద్దున ఇది మన దేవునికి చెయ్యెత్తి మొక్కతాదా?" అని నాయన మీదికి లేచింది.

"నా కండ్ల ముందర ఉంటాది లేమ్మా" అన్నాడు నాయన.

మొదటి క్రిస్మస్‌కు నన్ను దేవదూతను చేశారు. సంగతి తెలిసి అవ్వ పోట్లాడటానికే బయలుదేరింది. ముందు వరసలో కూర్చుని నాటకమంతా చూసింది. అయిపోయాక మేడమ్ దగ్గరికి పోయి నిలదీసింది: "మా పిల్లకు ఇంత చిన్న రెక్కలు కట్టినారేం? ఆ గాజులంగడి పిల్లకు అంతంత పెద్దవి కట్టినారే!" మరుసటి ఏడు నుంచి అవ్వే మా అంగట్లోంచి తెల్లగుడ్డ తీసి రెక్కలు కుట్టించింది.

ప్రతి వేసవికి ముందు తల్లిదండ్రుల మీటింగు జరిగేది. ప్రతి ఏడూ అక్కడ ఒకటే ప్రశ్న, పై తరగతి ఉంటుందా లేదా అని. సారు చేతులు కట్టుకుని నిలబడి "దేవుడు సూసుకుంటాడన్నా" అనేవారు.

"దేవుడు సూసుకుంటాడు లే సార్. లెక్కల టీచరు యాడుండాడు?" అని నాయన అడిగేవాడు.

అందరూ నవ్వేవాళ్ళు, సారు కూడా. జూన్ వచ్చేసరికి ఎవరో ఒకరు దొరికేవాళ్ళు. కానీ ఏడాదికి ఒకరిద్దరు మా తరగతిలోంచి తగ్గేవాళ్ళు. ఒకరి నాన్నకు బదిలీ అయ్యేది, ఇంకొకరిని గుంటూరు హాస్టల్లో వేసేవాళ్ళు. నాయన మాత్రం కదల్లేదు. చించిన గుడ్డ వాపసు తీసుకోబడదని మా అంగట్లో బోర్డు ఉండేది. బడి విషయంలోనూ ఆయనది అదే పద్ధతి. ఈ బడి మంచిదని బజారంతా ఒకసారి చెప్పేశాక మళ్ళీ మాట మార్చడం ఆయనకు చేతకాదు.

సారు కొడుకు నా పక్కనే కూర్చునేవాడు. బాగా పాడేవాడు. తరగతిలో ఎవరు అల్లరి చేసినా మొదటి దెబ్బ వాడికే. "సారు కొడుకువై ఉండి" అంటూ కొట్టేవారు. ఎవరో ఇంకు ఒలకబోసినా, ఎవరో కిటికీలోంచి దూకినా, ముందు వాడు చెయ్యి చాపి తర్వాత సంగతేమిటని అడిగేవాడు.

ఏడో తరగతి అయిపోయి ఎనిమిదిలోకి వచ్చిన జూన్‌లో వాడి చోటు ఖాళీగా ఉంది. గుమ్మఘట్టలో వాళ్ళ అవ్వ దగ్గర ఉన్నాడని మేడమ్ చెప్పింది. రెండు వారాలు గడిచాయి. మా అంగడికి సరుకు తెచ్చే ఒకాయన బళ్ళారి బజారులో వాణ్ణి చూశాడు. వాడు వేరే బడి టై కట్టుకుని ఇంగ్లీషులో సోడా అడుగుతున్నాడట. ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా తిరిగింది. మరునాడు మా తరగతిలో మరో ముగ్గురు రాలేదు.

నాయన అంగడి అవ్వకు అప్పజెప్పి, నా చెయ్యి పట్టుకుని, పట్టపగలు బడికి నడిపించుకుపోయాడు. సారు ఆఫీసుగదిలో ఒంటరిగా ఉన్నారు. నాయన కూర్చోలేదు.

"సార్, మీ పిల్లోడు యాడ సదువుతాండాడు?"

"బళ్ళారిలో అన్నా" అన్నారు సారు.

"మా పిల్లోళ్ళకు సాలిన బడి మీ పిల్లోనికి సాల్లేదా?"

మేడమ్ గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. సారు అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచారు. ఆయన బైబిలు వాక్యం ఏదో చెప్తారని నేను ఎదురుచూశాను. మాకు అదే అలవాటు.

"ఎనిమిదికి లెక్కలు చెప్పేవాళ్ళు నాకింకా దొరకల్యాన్నా. దొరుకుతారని మీకందరికీ చెప్పినా. పొద్దున్నే ప్రార్థనలో నమ్మకముండాది, నమ్మకముండాది అంటాండా. నా కొడుకు కాడికొచ్చేసరికి అది నాకే సాల్లేదు." అద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "పాపను తీసకపోతానంటే ఇప్పుడే టీసీ రాసిస్తా. నీమీద నాకేం కోపం ల్యా."

గోడమీద గుర్రబ్బండి బొమ్మ ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది. నాకు సారును చూస్తే భయం పోయి జాలి వేసింది. ఆ జాలికి సిగ్గేసి తల దించుకున్నాను.

నాయన అడిగాడు: "లెక్కల మనిషి కోసం ఎవర్నెవర్ని అడిగినారు?"

"మా చర్చి సంఘంలో వాళ్ళను."

"అదే కదప్పా తప్పు. లెక్కలొచ్చేవాళ్ళను అడగల్ల గానీ!"

తిరిగి వస్తుంటే నన్ను బడి మాన్పిస్తున్నాడో అక్కడే ఉంచుతున్నాడో నాకర్థం కాలేదు. అంగడి మెట్లెక్కుతూ చెప్పాడు. "ఆయప్ప అబద్ధం చెప్పింటే నిన్ను రేపే ఉరవకొండ బస్సెక్కించేవాణ్ణి."

వారంలో నాయన ఒక రిటైరైన లెక్కల పంతుల్ని పట్టుకొచ్చాడు. ఆయన మా అంగట్లో లుంగీలు కొనేవాడు. పాత కమ్యూనిస్టు, దేవుడి మాటెత్తితే మండిపడేవాడు. తనను ప్రార్థనలో నిలబెట్టకూడదన్నదే ఆయన పెట్టిన ఒకే ఒక్క షరతు. సారు ఒప్పుకున్నారు. ఇన్నేళ్ళూ దేవుణ్ణి అడిగిన లెక్కల టీచరు ఇట్లా వచ్చాడు. రోజూ పొద్దున సైకిలు గేటు బయట ఆపి బీడీ కాల్చుకుంటూ నిలబడి, లోపల మేం ఆమెన్ అనగానే బీడీ పారేసి వచ్చేవాడు. మా ప్రార్థన ఎప్పుడైనా ఎక్కువసేపు సాగితే సైకిలు బెల్లు కొట్టేవాడు. మూడేళ్ళు ఆయన చెప్పిన లెక్కలే నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

పదో తరగతికి వచ్చేసరికి ఇద్దరమే మిగిలాం, నేనూ గాజులంగడి పిల్లా. మా కింద తొమ్మిదిలో మాత్రం ఇరవై మందికి పైగా ఉన్నారు. మేం ఫెయిలైతే వాళ్ళంతా వెళ్ళిపోతారని సారు భయం. ఆ భయాన్ని ఆయన మాకు రోజూ గుర్తుచేసేవారు. పరీక్షల ముందు సారు ఉపవాస ప్రార్థన పెట్టారు. మా అవ్వ పెన్నహోబిలం నరసింహస్వామికి మొక్కుకుంది. గాజులంగడి పిల్ల వాళ్ళమ్మ దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి ఇద్దరికీ కట్టింది. లెక్కల పంతులు ఇదంతా చూసి, "ఇంతమందిని అడుక్కునే బదులు ఆ త్రికోణమితి ఇంకోసారి సూసుకోండమ్మా" అన్నాడు.

ఇద్దరమూ ఫస్టు క్లాసులో పాసయ్యాం. నరసింహస్వామి వల్లే అని అవ్వ, ప్రార్థన వల్లే అని సారు, తాయెత్తే కాపాడిందని గాజులంగడి వాళ్ళమ్మ. ముగ్గురూ మా అంగట్లోనే కూర్చుని మర్యాదగా వాదించుకున్నారు. మేం చదివినట్టు ఒక్కరికీ అనుమానం రాలేదు.

అప్పుడు తెలిసింది, బోర్డు మీది గ్రాడ్యుయేషన్ అంటే డిగ్రీ కాలేజీ కాదని. పదో తరగతి దాటినవాళ్ళకు నల్లగౌను తొడిగి, టోపీ పెట్టి సాగనంపడమని. సారు దాన్ని ఏ ఫోటోలోనో చూశారట. మేడమ్ మా అంగట్లోనే నల్లగుడ్డ తీసుకుంది. ఇద్దరికని నాయన కత్తిరించబోతుంటే "మూడు గౌన్లకన్నా" అంది. నాయన ఆమె ముఖంలోకి చూసి, ఏమీ అడక్కుండా మూడింటికి చించాడు.

గ్రాడ్యుయేషన్ రోజు జూన్ గాలి విపరీతంగా ఉంది. అట్టతో చేసిన టోపీలు తలమీద నిలవక చేత్తో పట్టుకునే నడిచాం. సారు కొడుకు బళ్ళారి నుంచి వచ్చి వెనక వరసలో, మిగతా పిల్లల తల్లిదండ్రుల మధ్య కూర్చున్నాడు. మీసం మొలకెత్తుతోంది. వేదిక మీద మూడో కుర్చీ ఖాళీగా ఉంది, దాని మీద మడతపెట్టిన గౌను. సారు ఉపన్యాసం మధ్యలో ఆగి వాడి వైపు చూశారు. పిలవలేదు. వాడూ లేవలేదు. "నేను ఈడ పాస్ కాల్యా" అని పక్కనున్న ఎవరికో చెప్పాడు, అందరికీ వినపడింది.

గాజులంగడి పిల్ల మైకు దగ్గరికి పోనక్కర్లేని గొంతుతో అంది: "తొమ్మిదేండ్లు మాతోనే ఏడిసినావు కదరా. వచ్చి ఏసుకో!"

జనం నవ్వారు. వాడు లేచి వచ్చాడు. గౌను వేసుకుంటే మోకాళ్ళ దాకే వచ్చింది. ఏడో తరగతి తర్వాత ఇంటి నుంచి వెళ్ళిన కొడుకును తలుచుకుని మేడమ్ కొలత చెప్పినట్టుంది. ఆమె ముందుకొచ్చి గౌను అంచు పట్టుకుని రెండుసార్లు కిందికి లాగింది. గుడ్డ ఎంత లాగినా పొడుగవుతుందా? సారు ఉపన్యాసం అక్కడితో వదిలేసి కొడుకు తలకు టోపీ పెట్టి, గాలికి ఎగిరిపోకుండా తన చేత్తోనే పట్టుకుని నిలబడ్డారు. మా అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, దుమ్ము పడిందంది.

చిత్రాన్నం తిన్నాక ముగ్గురం బస్టాండుకు నడిచాం. వాడు సాయంత్రం బస్సుకు బళ్ళారి తిరిగి పోవాలి, అక్కడే ఇంటర్లో చేరుతున్నాడు. గౌన్లు మడిచి చంకలో పెట్టుకున్నాం.

"ఆ బడి బాగుండెనా?" అని అడిగాను.

"మొదట్లో శానా బాగుండె. నేను ఎవరి కొడుకో ఆడ ఎవురికీ తెలీదు." గౌనును ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "తర్వాత అదే బాగలేకపోయె."

బస్సు వచ్చింది. వాడు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. గాజులంగడి పిల్ల వాడికి చెయ్యి ఊపుతూ ఊపుతూ, బస్సు మలుపు తిరిగాక, ఇంతకీ రేపటి నుంచి పొద్దున్నే మనం ఏం చెయ్యాలని నన్నడిగింది. నాకూ తెలియదు. ఇద్దరం అక్కడే రాతిబల్ల మీద కూర్చుని చెరకురసం తాగాం.