బండి ఆగినప్పుడు

పక్కింటి పెద్దాయన పోయారు. ఇక్కడ ఐర్లండులో, కిల్కెన్నీ ఆసుపత్రిలో డాక్టరుగా చేసే మా అమ్మాయి పొద్దున్నే డ్యూటీ నుంచి వచ్చి, మాస్కు తీయకుండానే గుమ్మంలో నిలబడి చెప్పింది.

"నిద్రలోనే పోయారు నాన్నా. కోవిడ్ కాదు, వయసు."

తలూపాను. నాకు మాటలు తక్కువ.

ఆయన ఎవరో మీకు తెలియదు కాబట్టి చెబుతాను. రైల్లో గార్డుగా చేసి రిటైరైన ఐరిష్ మనిషి. లాక్‌డౌన్ పెట్టాక, నాకు అంటకూడదని అమ్మాయి పై గదిలో విడిగా ఉండేది. కింద నేనొక్కణ్నే. కొన్నాళ్ళకి మంచం దిగడం, వేళకి తినడం కూడా మానేస్తూ వచ్చాను. అది కనిపెట్టింది ఆయనే. రోజూ పదకొండింటికి పెరటి గోడ మీద చేతికర్రతో కొట్టేవారు.

"ఏమయ్యా, బతికే ఉన్నావా?"

"గ్రాండ్," అనేవాణ్ని, బాగానే ఉన్నానని. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో అదొకటి.

"గ్రాండ్ అయితే గడ్డం గీసుకోవేం? బయటికి రా."

గోడకి అటు ఆయన, ఇటు నేను, ఎవరి టీ వాళ్ళం. ఆయన టీలో పంచదార వేసుకునేవారు కాదు. అయినా చెంచా తిప్పుతూనే ఉండేవారు. ఎందుకండీ అని ఒకరోజు ఎలాగో అడిగాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, కొండవాగుల్లో వదలడానికి చేపపిల్లల్ని క్యాన్లలో పోసి ఆయన గార్డుపెట్టెలో పంపేవారట. బండి నడుస్తున్నంతసేపూ కుదుపులకి నీళ్ళలోకి గాలి చేరుతుంది. ఆగిందంటే చేత్తో కదుపుతూ ఉండాలి, లేకపోతే పిల్లలు చచ్చిపోతాయి. ఒకసారి ఏదో స్టేషన్లో టీకి దిగి కబుర్లలో పడ్డారట. తిరిగొచ్చేసరికి ఒక క్యాను మొత్తం తెల్లగా పైకి తేలింది.

"ఆ ఏడు ఆ వాగుకి చేపల్లేవు, నా టీ మూలాన," అన్నారు. చెంచా తిప్పుతూనే నవ్వారు. "బండి ఆగితే చెయ్యి ఆడాలయ్యా. ఇప్పుడు అందరి బండీ ఆగింది. అందుకే నీ గోడ కొడుతున్నా."

మా వైపు కావిడి కుండల్లో చేపపిల్లల్ని తెచ్చేవాళ్ళూ అంతేనని, దించిన చోటల్లా కుండ కదుపుతూ కూర్చునేవారని, వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులు తిప్పి చూపించాను. ఈ దేశం వచ్చాక నేను అంతసేపు మాట్లాడింది ఆ రోజే. ఆయన చెంచా ఆపి విన్నారు. అది ఆగగా చూడటం అదొక్కసారే.

ఆయనకి థాంక్యూ అని ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాట నాకు వచ్చు కూడా.

చర్చిలోకి కొద్దిమందినే రానిస్తున్నారు. మిగిలినవాళ్ళం రోడ్డు పక్కన ఎడమెడంగా నిలబడ్డాం. శవపేటిక ఉన్న నల్ల కారు మెల్లగా వచ్చి, ఆయన ఇంటి ముందు ఆగింది. అందరూ తలలు వంచుకున్నారు. ఎవరూ కదల్లేదు.

నా కుడిచెయ్యి మాత్రం, నడుము దగ్గర, మెల్లగా తిరుగుతూనే ఉంది. కారు మళ్ళీ కదిలేదాకా.