ఇంజన్ వీర రిటైరైన నెల

ఆ రోజుల్లో ముసలితనం అంటే పక్కింటికి రావలసిన ఉత్తరం లాంటిదని నా నమ్మకం. పొరపాటున మన గుమ్మంలో పడ్డా, మాది కాదని తిప్పి పంపేస్తే సరిపోతుందనుకునేదాన్ని. అప్పుడే డిగ్రీ పూర్తయింది. అందులోనూ జువాలజీ. తాబేలు నుంచి తాతయ్య దాకా ఏ ప్రాణి ఎట్లా అరిగిపోతుందో పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసి వచ్చాను గానీ, ఆ ప్రాణుల్లో నన్ను కలుపుకోలేదు. నాలాగే తమను కలుపుకోనివాళ్లు ఇంకొందరున్నారు, బొమ్మల కథల్లో ఎగిరే వీరులు. వాళ్లంటే నాకు అప్పుడూ మంటే, ఇప్పుడూ మంటే. మొన్న మా వాడికి నీళ్ల సీసా కొందామని చౌరస్తాలో దుకాణానికి వెళ్తే, నా చిన్నప్పటి బడి సంచి మీది వీరుడే ఆ సీసా మీద నిలబడి ఉన్నాడు. అదే ఛాతీ, అదే నడుము, నుదుటి మీద ఒక్క గీత లేదు. ఈలోగా నాకు పెళ్లయింది, సిజేరియన్ అయింది, సగం జుట్టు దువ్వెనపాలైంది, పక్క గదిలో చిన్న దగ్గు వినబడ్డా గుండె జారిపోయే జబ్బు పట్టుకుంది. (ఈ వాక్యం రాస్తూనే లేచి వెళ్లి వాడి నుదురు చూసి వచ్చాను. చల్లగానే ఉంది.) సీసా మీది వీరుడుగారికి మాత్రం ఏమీ కాలేదు. లోకాన్ని కాపాడుతున్నాడట. జ్వరమొచ్చిన పిల్లవాణ్ణి ఒక్క రాత్రి భుజాన వేసుకుని తిరగమనండి, కళ్ల కింద చారలు రాకపోతే అప్పుడు మాట్లాడదాం.

ఈ వీరుల మీద నాకింత కక్ష ఉండటానికి కారణం, కొన్నాళ్లు వాళ్లతో కలిసి ఉద్యోగం చేయడమే. హనుమకొండలో పెళ్లికార్డులు, కరపత్రాలు అచ్చువేసే ఒక ప్రెస్సు ఉండేది. దాని సేటు, తండ్రి మొదలుపెట్టాడు కదా అని ఒక పిల్లల మాసపత్రికను కూడా లాక్కొస్తుండేవాడు. అందులో బొమ్మల కథకు మాటలు రాసే పని నాది. ముందు కథ రాసుకుని తర్వాత బొమ్మలు వేయడం లోకమంతటి పద్ధతి. మా దగ్గర బొమ్మలే ముందు వచ్చేవి. వీరుడి నోటి దగ్గర ఖాళీ బుడగలు వదిలి పంపేవారు, అతనెందుకు అరుస్తున్నాడో, ఎవరి మీద అరుస్తున్నాడో ఆలోచించి నేను నింపాలి. ఆ వీరుడి పేరు ఇంజన్ వీర. ఎదురొచ్చే రైలింజన్‌ను ఛాతీతో ఆపగలడు, ఆవిరిలా పైకి లేవగలడు. అతన్ని పుట్టించినాయన కాజీపేటలో రైల్వే పెయింటర్. ఉద్యోగమంతా వ్యాగన్ల మీద నంబర్లు రాసి రిటైరయ్యాడు. అందరూ పెయింటర్ మామ అనేవాళ్లు, నేనూ అట్లాగే అనేదాన్ని.

మామ గోడకు అద్దం తగిలించుకుని, దాని ముందు తనే నిలబడి, చూసుకుంటూ వీరను గీసేవాడు. పడుచువాడిగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన పద్ధతి, మార్చుకోవాలని ఎప్పుడూ తోచలేదు. దాంతో లోకంలో ఏ వీరుడికీ జరగనిది మా వీరకు జరిగింది. నేను చేరేనాటికి అతను నేల మీది నుంచి ఎగరడం మానేశాడు. మెట్లెక్కి, మేడ మీదికి వెళ్లి, పిట్టగోడ పట్టుకుని, అక్కడి నుంచి ఎగిరేవాడు. దుష్టుణ్ణి హెచ్చరించేటప్పుడు కుర్చీ చూసుకుని కూర్చునేవాడు. మామ మీసాలకు రంగు వేసుకున్న నెల వీర మీసాలు నల్లగా నిగనిగలాడేవి, వేసుకోని నెల మొదళ్లలో తెల్లగా ఉండేవి. ఇక వీర ప్రేమించిన టీచరమ్మ సంగతి మరీ ఘోరం. ఆమెను మా అత్తమ్మను, అంటే మామ భార్యను, చూసి గీసేవాడు. పాత సంచికల్లో రెండు జడలు, తర్వాత ఒక జడ, ఆ తర్వాత కొప్పు, నా కాలానికి కళ్లద్దాలు. వీరగారు మాత్రం ఇంకా లోకంలో దుష్టులందరూ అయిపోయాక పెళ్లి చేసుకుందామంటూనే ఉన్నాడు. దుష్టులు అయిపోతారా ఎక్కడైనా. అయినా ఆమె ఒక్కసారి కూడా కోప్పడదు, కిటికీలో నిలబడి ఆకాశం వంక చూస్తుంది. మగవాళ్లు ఎగురుతుంటే ఆడవాళ్లకు మెడనొప్పులు.

ఒకరోజు సేటు నన్ను పిలిచి, తాజా సంచిక ముందుకు తోశాడు.

"మేడం, మన వీరకు పొట్టచ్చింది చూసిన్రా?"

"చూసిన సార్. మెల్లమెల్లగనే వచ్చింది."

"నవ్వులాటగాదు. బడులు తెరిచే నెల సంచికల వాడు పడుచోడు గావాలె. లేకుంటే హైదరాబాద్‌ల ఒకాయన కంప్యూటర్ మీద గీస్తా అంటాండు, బొమ్మ ఆయనకే ఇచ్చేస్త. మామకు మీరే చెప్పున్రి. నేను చెప్తే మా నాయిన కాలం నుంచి ముచ్చట్లు తీస్తడు."

వయసు రాని వీరులంటే ఒళ్లుమండే నాకు, వయసు వచ్చిన ఒకే ఒక్క వీరుణ్ణి తిరిగి పడుచువాణ్ణి చేసే పని అట్లా పడింది. కాజీపేట వెళ్లేసరికి మామ భుజాన తువ్వాల కట్టుకుని, అద్దం ముందు ఒక చెయ్యి పైకి లేపి నిలబడి ఉన్నాడు. ఎగురుతున్నాడన్నమాట.

"మామా, వీరకు పొట్ట వచ్చిందంటాండు సేటు."

"ఎవడన్నడు? అది పొట్ట గాదు బిడ్డా. ఊపిరి బిగవట్టిండు."

వంటింట్లోంచి అత్తమ్మ అందుకుంది. "ఎన్నేండ్ల సంది బిగవట్టిండో పాపం, ఇడుస్తనే లేడు."

"నువ్వు జర ఊకో. ఈడ యుద్ధం నడుస్తాంది."

"యుద్ధం నడుస్తాంది, నువ్వే నడుస్తలేవు. నీ మోకాళ్లకైతే నేను నూనె రాస్తాన్న. ఆ వీరకు ఎవలు రాస్తాండ్రో."

నాకు నవ్వు వచ్చింది గానీ, సేటు పెట్టిన షరతు చెప్పాక ఆ నవ్వు నిలవలేదు. మామ లేపిన చెయ్యి దించేశాడు. తువ్వాల విప్పి మడతపెట్టాడు. "అంటే ఇగ వాడు నా కాడికి రాడన్నట్టు," అన్నాడు. "రైల్వేల ఎన్ని వ్యాగన్ల మీద రాసిన్నో లెక్క లేదు బిడ్డా. ఏ బండీ నాది గాదు. అన్నీ ఎల్లిపోయినయ్. వీడొక్కడే నాతోని ఉన్నడు."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. నేను చాలా తెలివైనదాన్ని కాబట్టి వెంటనే ఒక ఉపాయం చెప్పాను. పాత సంచికల్లో వీర పడుచుగానే ఉన్నాడు కదా, ఆ బొమ్మలు కత్తిరించి కొత్త బొమ్మల్లో అతికిస్తే పోలా? చుట్టూ కొండలు, మేడలు, దుష్టులు మామ గీస్తాడు. మామకు నచ్చలేదు. కానీ వీర ఇంట్లోంచి పోవడం కంటే నయమనుకున్నాడు.

అటక మీది పాత సంచికలను చెదలు ముందే చదివేసి ఉన్నాయి. నిలబడ్డ వీరలు, గుద్దే వీరలు బాగానే దొరికారు. ఎగిరే వీర ఒక్కడే మిగిలాడు, వాడి చంకలో మేకపిల్ల ఉంది. ఎప్పుడో ధర్మసాగర్ చెరువు పొంగిన కథలో దాన్ని కాపాడి తెస్తున్న బొమ్మ అది. మేకపిల్ల మీద తెల్లరంగు పూసి చూశాం. అప్పుడు వీర చంకలో గడ్డ లేచి, చెయ్యి కిందికి దించలేక దవాఖానకు పోతున్నట్టున్నాడు. తెల్లరంగు గీకి మేకపిల్లను మళ్లీ బయటికి తీశాం. కథేమో నగరానికి వచ్చే నీళ్లలో విషం కలిపే దుష్టుణ్ణి పట్టుకోవడం. దానికి మేకపిల్లను ఎందుకు వెంట తీసుకెళ్తున్నాడో బుడగలో నేనే రాయాలి. జువాలజీ చదివిన బుర్రంతా ఖర్చుచేసి, "భయపడకు మేకపిల్లా, ఈ దుష్టుడి పని పట్టి నిన్ను మీ అమ్మ దగ్గర దింపుతాను," అని రాశాను. అతికించడానికి బొమ్మ దొరకనిచోట మామ తనే గీశాడు. అందువల్ల ఒకే పేజీలో వీర పడుచుగా వచ్చి, ముసలిగా గుద్ది, పడుచుగా వెళ్లిపోయేవాడు. నేను చదువుకున్న ఏ ప్రాణికీ అటువంటి సౌకర్యం లేదు.

చివరి పేజీని మామ అచ్చుకు ఇవ్వవలసిన ఆఖరి రోజున తెచ్చిచ్చాడు. అందులో అతికింపు ఒక్కటీ లేదు. కాజీపేటలో రైలు డ్రైవరు రిటైరైన రోజు ఎట్లా ఉంటుందో అట్లాగే గీశాడు. ఇంజన్‌కు పూలదండ, వీర మెడలో దండ, భుజాన శాలువా, చేతిలో తోటివాళ్లిచ్చిన గోడ గడియారం, ముందు బ్యాండుమేళం. పొట్ట పూర్తిగా వదిలేశాడు. మీసాలు తెల్లగా ఉన్నాయి. పక్కన కొప్పు పెట్టుకున్న టీచరమ్మ నడుస్తోంది.

"ఇదేంది మామా? సూపర్ హీరోలు రిటైరైతరా?"

"ఎంత పెద్ద డ్రైవరైనా ఒక దినం బండి దిగాలె గదా బిడ్డా. ఎవడో వచ్చి గుంజుకపోయేదాక నేనెందుకు ఆగాలె? మేళంతోని మంచిగ ఇంటికి తీస్కపోత."

"సేటు ఒప్పుకోడు."

"నువ్వు మాటలు రాయి. ఒప్పుకునుడు తర్వాత చూద్దాం."

ఆ పేజీలో ఎంతసేపటికీ నాకు మాటలు తోచలేదు. అన్ని బుడగలూ ఖాళీగా వదిలేసి, టీచరమ్మ దగ్గర మాత్రం, "ఎగిరింది చాలు, ఇక నడుద్దాం పద," అని రాశాను. సేటు మేకపిల్ల దగ్గరే ఆగిపోయి, అది ఎవరిదని అడిగీ అడిగీ విసిగిపోయి, చివరి పేజీ తిప్పకుండానే అచ్చుకు పంపాడు.

సంచిక బయటికి వచ్చాక ప్రెస్సులో సేటు కేకలు. "శాలువ కప్పుతరా? సూపర్ హీరోకు ఎవలన్న శాలువ కప్పుతరా మేడం?" ఇదంతా కల అని తర్వాతి నెలలో వేసేసి, కంప్యూటర్ బొమ్మతో వీరను మళ్లీ ఎగరేస్తానన్నాడు. కానీ మా పత్రిక ఎక్కువగా అమ్ముడుపోయేది కాజీపేట రైల్వే ఇళ్లలోనే. ప్రతి ఇంట్లో ఒక దండ, ఒక శాలువా, గోడకు ఒక గడియారం ఉన్నవాళ్లు. స్టేషన్ దగ్గర మా పత్రిక అమ్మే ఆయన సేటుకు ఒకే ముక్క చెప్పాడు. "రిటైరైన మనిషిని మళ్ల డ్యూటీకి ఎట్ల పిలుస్తరు సార్? ఇజ్జత్ ఉంటదా?" సేటు ఏమనుకున్నాడో, వీర జోలికి పోలేదు. కొత్త వీరుణ్ణి గీయించుకున్నాడు. కందిరీగ నడుము, మైనపు మొహం, ముక్కు ఏ ఊరిదో తెలియదు. వాడికి మూడు నెలలు మాటలు రాసి, పెళ్లి కుదిరిందన్న వంకతో బయటపడ్డాను.

పెళ్లికార్డు ఇవ్వడానికి కాజీపేట వెళ్తే, మామ తల, మీసాలు ముగ్గుబుట్టలా తెల్లగా ఉన్నాయి. "ఒక్కసారే ఇట్లయినవేంది మామా?" అన్నాను. "ఎప్పుడో అయిన బిడ్డా. రంగేసుడు బందువెట్టిన, గంతే," అన్నాడు. అద్దం ఉన్న చోట మేకు మాత్రమే ఉంది. అత్తమ్మ ఆ అద్దాన్ని వంటింట్లోకి తీసుకెళ్లి తన జుట్టు దువ్వుకుంటోంది. ఇద్దరూ సాయంత్రం ప్లాట్‌ఫారం దాకా నడిచివస్తామని నాతోపాటే బయల్దేరారు. చాలా నెమ్మదిగా నడిచారు, నేను మధ్యలో రెండుసార్లు ఆగవలసి వచ్చింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన నిటారుగా కూర్చుని, పాపం కొద్ది నెలల్లోనే మామ ఎంత ముసలివాడైపోయాడో అని దారిపొడవునా జాలిపడ్డాను. అట్లా జాలిపడ్డ ఆ అమ్మాయి ఇప్పుడు ఏ బస్సులోనో కనబడితే నేను ఆమెకు బుద్ధులేమీ చెప్పను. జర ఆ కిటికీ సీటు ఇస్తవా అమ్మా, నడుం నొప్పి, ఒళ్లో పిల్లడున్నడు, అంటాను. ఇస్తుంది, మంచిదే. లేచి నిలబడి, "కూసోండి ఆంటీ," అని కూడా అంటుంది.