ఆకాశం నుంచి పడని రాయి

ముప్పై ఏళ్లు రైల్వే వర్క్‌షాపు ఫౌండ్రీలో కరిగిన ఇనుము మీద తేలే స్లాగును తీసి పారేసినవాణ్ణి. అలాంటి స్లాగు గడ్డనే ఇంట్లో పెట్టుకుని పన్నెండేళ్లు ఉల్క అనుకున్నాను. ఇంత అనుభవంతో ఇంత తెలివితక్కువ పని చేయడం అందరి వల్లా కాదు.

తప్పు పూర్తిగా నాది కాదు. ఊరి శివార్లలో సాలువా మైదానంలో నడుస్తుంటే మా ఆవిడ కాలికి తగిలిందది. నల్లగా, బరువుగా ఉంది. ఇంట్లో అయస్కాంతం పెడితే టక్కున అంటుకుంది. "సుక్కల్లోంచి రాలినాదండి" అంది. అంత సంబరంగా ఆమె నా చేతిలో మరేదీ పెట్టలేదు. కాదనడానికి నోరు రాలేదు. అద్దాల బీరువాలో స్టీలు గ్లాసుల పక్కన చేరింది. ఉల్క కదా, ఉలకలేదు, పలకలేదు.

ఆమె పోయి రెండేళ్లు. ఆమె మాటే నిజమని తెలిసినవాళ్లెవరైనా చెబితే వినాలని ఒకటే ఆరాటం పట్టుకుంది. ఆమె తమ్ముడు, నా బావమరిది, రాళ్ల శాస్త్రం చెప్పే ఒక బెంగాలీ టీచరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ గడ్డ అంచు విరగ్గొట్టింది. లోపలంతా గాలి బుడగల గుంతలు.

"దాదా, ఇది కొలిమిలోది. ఉల్కల్లో ఇన్ని బుడగలుండవు" అంది హిందీలో.

నా మొహం చూసి జాలిపడిందేమో, అసలు ఉల్క ముక్క తెచ్చి చేతిలో పెట్టింది. దాన్నిండా ఆవగింజల్లాంటి పూసలు. భూమి పుట్టకముందు, సూర్యుడి చుట్టూ తిరిగే ధూళి కరిగి, బొట్లుబొట్లుగా గట్టిపడ్డాయట. అలాంటివన్నీ అతుక్కుంటూ పోయి గ్రహాలయ్యాయట. ఈ ముక్క మాత్రం ఎందులోనూ కలవక అలాగే మిగిలిపోయింది. చాలాసేపు దాన్ని వదల్లేకపోయాను. నా అరచేతి పక్కన మా ఆవిడది కూడా ఉండవలసింది.

"భూమి మాత్రం అలా అతుక్కున్నాక మళ్లీ కరిగింది. ఇనుము బరువుకి లోపలికి దిగింది, తేలిక రాయి పైకి తేలింది" అంది ఆవిడ.

"మా ఫర్నేసులో లాగేనా?"

"అచ్చం అలాగే."

మర్నాడు మా పేటలో పూరీ గేట్ దగ్గరి టీ కొట్టులో బావమరిది నా పరువు తీశాడు. "ఏటి బావా! డ్యూటీలో పారేసినావు, రిటైరయ్యేక బీరువాలో ఎట్టినావు. మా అక్కకి బాగానే సుక్కలు సూపించినావు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ నవ్వులో ఆమెను కూడా కలిపేశారని గుచ్చుకుంది.

"ఒరే, సాలువాలో నీ కొత్త ఇల్లు దేని మీద కట్టినావురా?"

"నేల మీద. ఏటలాగడుగుతావు?"

"ఆ నేల కూడా భూమి కరిగినప్పుడు పైకి తేలిన స్లాగేరా. టీచరమ్మ సెప్తంటే నువ్వు ఫోన్ సూసుకుంతన్నావు. మీ అక్క గుప్పెడే తెచ్చింది. నువ్వు ప్లాటు ప్లాటే కొనీసినావు!"