యాభయ్యో పుస్తకం

పద్దెనిమిదేళ్లుగా ఒక వాక్యం బరువు మోస్తున్నాను. నా డైరీలో నా చేత్తో, నల్ల సిరాతో రాసిన వాక్యం. చిన్నదే. ‘యాభై: ఓబులేసు కాలువ నోటుబుక్కు. చదివాను.’

చదవలేదు.

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. ఆమె పోయి ఆరేళ్లయింది, ఇక చెప్పే వీలూ లేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు నోరు పెగులుతోంది. పేరు దాచుకొని చెప్పేది ఒప్పుకోలు అవుతుందా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. అయినా రాస్తున్నాను.

నేను కర్నూలు–కడప కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాసే అలవాటు. కాలువలో నీటి మట్టం, ఎండ, వాన, ఆఫీసుకు వచ్చినవాళ్లు, ఆ రోజు చదివిన పేజీలు. ఒక్క రోజు వదల్లేదు. సంవత్సరం చివరి పేజీలో ‘ఈ యేడు చదివినవి’ అని శీర్షిక పెట్టి, వరుస నంబర్లతో పుస్తకాల పేర్లు. ఏడాదికి ఇరవై, మహా అయితే పాతిక. ఆ జాబితా నకలు మా ఊరి లైబ్రరీ ఆయన ప్రతి జనవరిలో అడిగి తీసుకొని నోటీసు బోర్డుకు అంటించేవాడు. నలుగురికి చదువు మీద ఆశ పుడుతుందని ఆయన ఉద్దేశం. నాకేం పుట్టిందో చెబుతాను.

ఒక జనవరిలో ఆ జాబితా కింద ఎవరో పెన్సిలుతో రాశారు: ‘ఇంతేనా?’

ఎవరో ఇప్పటికీ తెలియదు. తమాషాకు రాసి ఉంటారు. నాకు మాత్రం అది ముల్లులా గుచ్చుకుంది. ఆ యేడు యాభై చదవాలని అనుకున్నాను. డైరీ మొదటి పేజీలోనే రాసుకున్నాను, యాభై అని.

ఇప్పుడు ఆ యేడాది డైరీ ముందు పెట్టుకొని చూస్తుంటే, నా చదువు ఎట్లా చెడిపోయిందో తారీకుల వారీగా కనిపిస్తోంది. అంతకు ముందు పొద్దున్నే ఆఫీసు వరండాలో కూర్చొని పది పేజీలు చదివి, గట్టు మీద నడుస్తూ వాటినే నెమరేసుకునేవాణ్ణి. ఆ యేడు నెమరు లేదు. ఉగాది కల్లా ముందుమాటలు వదిలేశాను. ఎండాకాలంలో వర్ణనలు దాటేశాను. దసరా నుంచి లావు పుస్తకాలు ముట్టుకోలేదు. కార్తీకంలో నేను చదివినట్టు రాసుకున్నవాటిలో నాలుగు పిల్లల బొమ్మల కథలు. నాకప్పటికి యాభై ఆరేళ్లు.

ఓబులేసు మా సెక్షన్లో లస్కరు. గట్టు వెంట తిరుగుతూ తూముల షట్టర్లు ఎత్తడం, దించడం లస్కరు పని. తొమ్మిదో తరగతితో బడి మానేసినవాడు. మాటకారి. ఒకసారి నా టేబుల్ మీది పుస్తకాల దొంతర చూసి, “మీరు చదివేదిల్యా సార్, మింగుతాండారు. ఒక్కదాని రుచి చెప్పండి జూద్దాం” అని అందరినీ నవ్వించాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎంతసేపు నటించానో కూడా గుర్తుంది.

ఆ శ్రావణంలో అతను ఒక పొడుగాటి నోటుబుక్కు తెచ్చిచ్చాడు. కాలువ గురించి రాసుకున్నానని, తీరిగ్గా చదివి ఒక్క మాట చెబితే చాలని అన్నాడు. ఆ రోజు జోకులేమీ వేయలేదు. నేనది గమనించాల్సింది. గమనించలేదు. తెరిచి చూశాను. మార్జిన్ వదలకుండా, పేరాలు లేకుండా చీమల బారులా అక్షరాలు. దీనికి పట్టే రోజుల్లో రెండు సన్న పుస్తకాలు అయిపోతాయి అనుకున్నాను. అంతే. మూసేయడానికి అంతకు మించిన కారణం లేదు. పెద్ద కారణం ఏదైనా ఉంటే ఇప్పుడు చెప్పుకోవడానికి కాస్త పరువుగా ఉండేది.

ఆ తర్వాత నాలుగు నెలలు, రోజూ పొద్దున నీటి మట్టం చెప్పడానికి వచ్చి, అంకె చెప్పి, ఒక్క క్షణం నా టేబుల్ వైపు చూసేవాడు. అడిగేవాడు కాదు. నేను తల ఎత్తేవాణ్ణి కాదు.

సంవత్సరం ఆఖరి రోజుకు లెక్క నలభై తొమ్మిది దగ్గర ఆగింది. ఎదురుగా నోటుబుక్కు ఉంది. రాసేశాను.

జనవరిలో జాబితా బోర్డెక్కింది. రెండో రోజే ఓబులేసు వచ్చాడు. గదిలో మేమిద్దరమే.

“నా బుక్కు పేరు గూడా ఎక్కించినారే సార్. లైబ్రరీలో జూసినా. నిజంగా చదివినారా?”

“చదవకుండా రాస్తానా ఓబులేసూ?”

“చివరాకరిదాకా?”

“చివరిదాకా.”

భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. “మరి ఏమంటారు సార్?”

నా చేతిలో పెన్ను ఉంది. ఏదో బిల్లు రాస్తున్నట్టు దాన్ని కదిలిస్తూనే ఉన్నాను. ఇట్లాంటి చేతిరాతలు అంతకు ముందు రెండు మూడు చూశాను. చివర్లో ఎవరో ఒక ఆఫీసరు మీద కోపం తప్పకుండా ఉంటుంది. ఆ ధైర్యంతో అన్నాను: “అంతా బాగుంది. ఆ చివర ఉన్నది మాత్రం వద్దప్పా. బయటపడితే నీకే ఇబ్బంది. పెండ్లాం బిడ్డలున్నోడివి.”

అతని ముఖంలో ఏదో ఆరిపోయింది. లేక ఏదో చల్లబడిందా? ఈ రెండింటిలో ఏదో నేటికీ తేల్చుకోలేకపోతున్నాను.

“వద్దంటారా సార్? బాగా ఆలోచన జేసే చెప్తాండారా?”

“వద్దు. మూసి పెట్టు.”

తువ్వాలు మళ్లీ భుజాన వేసుకున్నాడు. “మీరే అట్లంటే ఇంగ నేను జేసేదేముండాది. బుక్కు మీ కాడే ఉండనీండి సార్. ఇంట్లో పెట్టుకుంటే నాకు అన్నం దిగదు” అని వెళ్లిపోయాడు.

రాసినవాడి అలక అనుకున్నాను. రెండేళ్లకు రిటైరయ్యాను. వీడ్కోలు రోజు అతనే దండ వేశాడు. నా కళ్లలోకి చూడలేదు. నాలుగేళ్ల కింద అతను చనిపోతే చావుకు వెళ్లాను. నోటుబుక్కు మాత్రం నా బీరువాలో డైరీల వెనక గుడ్డసంచిలో అట్లాగే ఉంది. ఇన్నేళ్లలో ఎందుకు తెరవలేదు? తెరిస్తే అప్పటిదాకా తెరవలేదని నాకే రుజువు అవుతుంది.

ఈ ఎండాకాలం కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. కొన్ని వారాలు చదవొద్దన్నారు. ఈ యేడు జాబితా ఏడు దగ్గరే నిలిచిపోయింది. చూపు కుదిరాక, ఏ యేడు ఎంత చదివానో చూసుకుందామని పాత డైరీలు దించాను. ఆ యేటి చివరి పేజీ వచ్చింది. యాభయ్యో నంబరు వచ్చింది. కొత్త కంటికి సిరా మరీ నల్లగా కనిపించింది.

నాలుగు రోజులు పట్టింది చదవడానికి. పద్దెనిమిదేళ్ల కింద నాకు బరువనిపించిన నాలుగు రోజులు.

ఎండిన కాలువలోకి నీళ్లు ఎట్లా వస్తాయో రాశాడు ఓబులేసు. నీళ్ల కంటే ముందు దుమ్ము లేస్తుందట. దాని వెనక తడిమట్టి వాసన, దాని వెనక ఎండుటాకుల చప్పుడు, అప్పుడు నీళ్లు. ముప్పై ఏళ్లు అదే గట్టు మీద తిరిగిన నేను ఆ వరుస ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ యేడు జాబితాలోని మిగతా నలభై తొమ్మిదిలో నాకు ఇప్పుడు గుర్తున్నవి మూడో నాలుగో. ఇది గుర్తుండిపోయేది.

తర్వాత చివరి పదకొండు పేజీలు.

మా సెక్షన్లో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఆ నోటుబుక్కు రాయడానికి ఆరేళ్ల ముందు, ఒక గొర్రెల కాపరి కాలువలో గొర్రెలు కడుగుతూ కొట్టుకుపోయి చనిపోయాడు. పైన తూము షట్టరు ఎత్తారు. ఎత్తే ముందు లస్కరు దిగువ రేవు దాకా నడిచి కేక వేసి రావాలి. ఎవరూ కేక వేయలేదు. రిజిస్టరులో ఆ రోజు డ్యూటీ మద్దిలేటి అనే లస్కరుది, సంతకం కూడా ఉంది. తాను ఆ రోజు మొక్కు తీర్చుకోవడానికి మంత్రాలయం పోయానని, సంతకం ముందే పెట్టానని, తన బదులు ఓబులేసు ఉన్నాడని మద్దిలేటి మొత్తుకున్నాడు. తాను ఆ పక్కకే పోలేదన్నాడు ఓబులేసు. మద్దిలేటి ఉద్యోగం పోయింది. మనిషిని చంపినోడు అనే పేరు వచ్చింది. భార్య ఊరు బద్వేలు చేరి హమాలీ పని చేసుకున్నాడు.

‘షట్టరు ఎత్తింది నేనే’ అని రాశాడు ఓబులేసు. ఎండకు బద్ధకించి రేవు దాకా నడవలేదట. పది పేజీలు అదే. పదకొండో పేజీ నాకు రాసింది.

‘సార్, ఇది ఎవురికీ చెప్పల్యా. మీరు శానా చదివినోరు. పోయి చెప్పు అంటే రేపే బద్వేలు పోయి మద్దిలేటి కాళ్ల మీద పడతా, ఆఫీసులో గూడా రాసిస్తా. వద్దు అంటే నోరు తెరవను. నాకు దోవ తెలీడంల్యా. మీరు చెప్పింది చేస్తా.’

నేను చెప్పింది చేశాడు.

ఆ తర్వాత మద్దిలేటి తొమ్మిదేళ్లు బతికాడు.

పోయిన నెల బస్సెక్కాను. నంద్యాల, మైదుకూరు, బద్వేలు. మద్దిలేటి భార్య లక్ష్మీదేవి వాకిట్లో కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. పాత సారునని చెప్పుకొని, ఓబులేసు రాసింది ఒకటుందని, వినమని అన్నాను. ఆమెకు చదువు రాదు. చదివాను. రెండో పేజీకే ఆమె చేతులు ఆగిపోయాయి.

“మంత్రాలయంలోనే ఉన్నానని సామి మీద ఒట్టేసినాడు సారూ. ఎవురూ నమ్మల్యా” అంది. చింతపండు పక్కకు జరిపి, “నేను గూడా నమ్మల్యా. మొగునికి అన్నం పెడతానే, నమ్మల్యా” అంది.

పదో పేజీ అయింది. అక్కడ ఆపాను. పదకొండో పేజీలో నేనున్నాను.

“ఇది నీ చేతికి ఎప్పుడొచ్చె సారూ?”

నాకు తెలియకుండానే అన్నానని మీతో చెప్పను. తెలిసే అన్నాను. “ఓబులేసు పోయినాక దొరికిందమ్మా. ఈ మధ్యనే.”

“చచ్చేదాకా కడుపులో పెట్టుకున్నాడే, పాపిష్టి నాయాలు! ఒక్కసారొచ్చి చెప్పింటే వాని సొమ్మేం బోయింది? ఆయప్ప బతికుండంగ చెవిన పడింటే చాలు గదా.”

ఓబులేసును ఇంకా తిట్టింది. నేను తల వంచుకొని విన్నాను. ఆమె మజ్జిగ ఇచ్చింది. తాగాను.

తిరుగు బస్సులో మైదుకూరు దాటేదాకా నాకు సంగతి పూర్తిగా తలకెక్కలేదు. చేసినవాడు ఒకడు, తిట్లు తినేవాడు ఒకడు. ఓబులేసు మద్దిలేటికి చేసిందే ఆ వాకిట్లో నేను ఓబులేసుకు చేసి వచ్చాను. అతను ఆరేళ్లకు తట్టుకోలేక నోటుబుక్కు పట్టుకొని ఒకరి దగ్గరికి వచ్చాడు. నేను? ఒక జాబితా నిండలేదని మొదలైన అబద్ధాన్ని డెబ్బై నాలుగేళ్ల వయసులో కూడా మేపుతున్నాను.

ఆ పాత వాక్యాన్ని కొట్టేయలేదు. కొట్టేస్తే డైరీ శుభ్రమవుతుంది, నాకు ఆ హక్కు లేదు. దాని కిందే ఇవాల్టి తారీకు వేసి ‘చదవలేదు’ అని రాశాను. రాశాక ఛాతీలో ఏదో కాస్త సడలింది. అంతే. అంతకంటే ఎక్కువ నాకు రావాల్సింది లేదు.

ఈ కాగితాలూ, ఆ పదకొండో పేజీ కూడా సంచిలో పెట్టాను. పోస్టులో పంపొచ్చు, ఎవరితోనైనా చదివించుకుంటుంది అని ఒక పూటంతా అనుకున్నాను. అదీ తప్పించుకోవడమే. ఆమె ఎదురుగా ఆ వాకిట్లో కూర్చొని చదవాల్సింది నేనే. మధ్యలో మజ్జిగ ఇస్తే తాగకుండా. ఆమె లేచి పొమ్మంటే పోవాలి, తిడితే ఈసారి ఆ తిట్లు నావే.

రేపు పొద్దున బస్సుంది. చదవాలి. చివరిదాకా.