ఎండకు వదిలిన గోడ

సీలేరు కాలనీలో మా పక్క క్వార్టర్‌లో ఒక అక్క ఉండేది. ఆమె ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే అడిగేవారు, "ట్రాన్స్‌ఫరయిందేటమ్మా?" అని.

ప్రాజెక్టు కాలనీలో హాలు బోసిగా ఉందంటే బదిలీ ఆర్డరు వచ్చిందనే లెక్క. అక్క హాల్లో కిటికీ కింద ఒక టేకు బల్ల, అంతే. షోకేసు సంగతి సరే, గోడకు క్యాలెండర్ కూడా ఉండేది కాదు. ఎక్కడెక్కడి కొత్త ఇళ్ళ ఫొటోలు ఫోన్లో చూపించి, "సూడే, ఆ గోడనెంత బాగా ఖాళీగా వదిలీసారో!" అని మురిసిపోయేది. నేను వెళ్ళినప్పుడు మా ఇంటి తాళాలు ఆ కిటికీలో పెడితే, తీసి నా చేతిలో పెట్టేది.

ఒకసారి వాళ్ళ అత్తగారు నర్సీపట్నం నుంచి అద్దాల బీరువా తెచ్చి దింపించింది. "సూసినోళ్ళు ఏటనుకుంతారు? కోడలికి ఏటీ లేదనుకోరూ?" అంది.

అక్క బీరువాను లోపలి గదిలో పెట్టించి, ఆవిడను బల్ల మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. "ఇప్పుడా ఎదురు గోడ మీదకి ఎండొత్తాదత్తయ్యా. కాసేపు సూసి, అప్పుడు సెప్పండి."

ఆవిడ కాఫీ చల్లారిపోయేదాకా గోడకేసే చూస్తూ కూర్చుంది. మళ్ళీ బీరువా ఊసెత్తలేదు.

పోయిన వేసవిలో అక్కావాళ్ళకు నిజంగానే బదిలీ అయింది. లారీ వెళ్ళిపోయాక, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి వెళ్ళాను. గోడ మీద ఎండ ఎప్పటిలాగే ఉంది. బల్ల ఒక్కటే లేదు. ఆ ఇల్లు నాకు ఖాళీగా కనిపించడం అదే మొదటిసారి.

తాళాలు కిటికీలో పెట్టి కాసేపు నిలబడ్డాను. ఎవరూ తీసి నా చేతిలో పెట్టలేదు.