రెండు రింగుల గడ్డ

నిన్న మా కాలేజీలో ఓ పది నిమిషాలు చచ్చిపోయి, మళ్లీ బతికానండీ! బతికినందుకు సిగ్గేసింది, అదీ విశేషం.

నేను విజయవాడలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్తాను. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల గడ్డ కనిపిస్తే ఎర్ర సున్నా చుట్టే సాఫ్ట్‌వేర్ నా పీహెచ్‌డీ. దానికి ప్రాజెక్టు ఇవ్వాలో వద్దో తేల్చడానికి నిన్న కమిటీ వచ్చింది. ప్రాజెక్టు వస్తే ప్రొఫెసర్‌ని. రాకపోతే జీవితాంతం ఫస్టియర్ ల్యాబులో కాలిపోయిన రెసిస్టర్లు ఏరుకోవడమే.

"నా ఎక్స్‌రే మీదే లైవ్ డెమో ఇస్తా" అన్నాను. ఎవరడిగారండీ నన్ను?

మొన్న గుణదలలో స్కాన్ సెంటర్‌కి వెళ్లాను. వెనకాలే నా ఎం.టెక్ స్టూడెంట్లు. "బనీను తీసేయండి సార్, మెడలో ఏమైనా ఉంటే అవి కూడా" అన్నాడు టెక్నీషియన్. ఉంది! బనీను చాటున, ఈ ప్రాజెక్టు రావాలని మా అమ్మ కట్టిన రాగి తాయెత్తు. మూఢనమ్మకాల మీద క్లాసులో గంటలకొద్దీ దంచేవాణ్ణి, పిల్లల ముందు అది ఎలా తీసి పెట్టను?

"బనీను ఉంటే ఏం కాదయ్యా, నేను ఇందులోనే డాక్టరేట్ చేశా" అన్నాను.

"మీ ఇష్టం సార్."

నిన్న కమిటీ ముందు బటన్ నొక్కాను. గోడంత తెర మీద నా ఛాతీ. అందులో ఎర్ర సున్నా! కింద 'గడ్డ ఉంది' అని అక్షరాలు.

ఇక నా పని అయిపోయిందనుకున్నాను. నా సాఫ్ట్‌వేర్ తప్పు చెప్పదని అరగంట నుంచి వాదిస్తున్నది నేనే కదా మరి! ప్రిన్సిపాల్ గారు భుజం మీద చెయ్యేసి, "ధైర్యంగా ఉండండి. మీ క్లాసులు ఎవరికో ఒకరికి సర్దేస్తాం లెండి" అన్నారు. ఎంత ఓదార్పో!

అప్పుడు కమిటీలో ఉన్న రేడియాలజీ డాక్టరమ్మగారు కళ్లజోడు సర్దుకుని, "మాస్టారూ, ఈ గడ్డకి రెండు చివర్లా రింగులున్నాయేంటండీ?" అన్నారు.

చూశాను. రింగులే. చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి పోయింది.

"తాయెత్తండీ..."

"ఎందుకు కట్టుకున్నారు?"

"ఈ ప్రాజెక్టు రావాలనండీ."

వెనక బెంచీలో నా స్టూడెంట్లు నవ్వు ఆపుకోలేక బయటికి పరుగు. ప్రాజెక్టు రాలేదని వేరే చెప్పాలా?

ఇంటికొచ్చి అమ్మ మీద ఎగిరాను. ఆవిడ అంతా విని తాయెత్తు కళ్లకద్దుకుంది. "నీకు రావాల్సిన గడ్డని తన మీదికి లాక్కుందిరా ఈ తాయెత్తు తల్లి!" అంది. పొద్దున్నుంచి వీధిలో వాళ్లంతా వచ్చి, అది ఎక్కడ కట్టించారని అడుగుతున్నారు. నా పీహెచ్‌డీ గురించి ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు.

కోపంతో తెంపి పారేద్దామనుకున్నాను. కానీ వచ్చే నెల ఇంకో కమిటీ ఉందండీ!